ఛార్జింగ్ దిగిపోయే ముందు: ల్యాప్‌టాప్ హెచ్చరిక కథ

1983లో అమెరికాలోని రేడియో షాక్ దుకాణాలకు ఒక చిన్న కంప్యూటర్ వచ్చింది. పేరు టీఆర్‌ఎస్-80 మోడల్ 100. జపాన్ కంపెనీ క్యోసెరా తయారుచేసింది. చంకలో పెట్టుకుని పోగలిగేంత సైజు, వరసకు 40 అక్షరాల చొప్పున 8 వరసలు పట్టే తెర, దాని కింద పూర్తి కీబోర్డు. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్స్ నాలుగు వేస్తే దాదాపు 20 గంటలు నడిచేది. దాని ముఖం మీద ఒక చిన్న ఎర్రదీపం ఉండేది. అది వెలిగిందంటే ఇక ఇరవై నిమిషాల్లో కంప్యూటర్ ఆగిపోతుందని లెక్క.

ఊళ్లు తిరిగే విలేకరులకు ఈ కంప్యూటర్ ఎంతగానో నచ్చింది. సంఘటన జరిగిన చోటే కూర్చుని వార్త టైపు చేసి, టెలిఫోన్ లైను మీద ఆఫీసుకు పంపేవారు. హార్డ్ డిస్కు లేదు కాబట్టి రాసిందంతా మెమరీలోనే ఉండేది. పెన్సిల్ సెల్స్ అయిపోయినా ఆ మెమరీ చెరిగిపోకుండా లోపల ఇంకో చిన్న నికెల్ కాడ్మియం బ్యాటరీ కాపలా కాసేది. అందుకే ఎర్రదీపం వెలిగితే విలేకరి కంగారుపడేవాడు కాదు. చేతిలో ఉన్న వాక్యం పూర్తిచేసి, స్విచ్ ఆపి, కొత్త సెల్స్ వేసుకునేవాడు.

ఆ దీపం ఎప్పుడు వెలగాలో మాత్రం ఆ విలేకరి చేతిలో లేదు. సెల్స్ వోల్టేజి ఫలానా చోటికి పడితే వెలగాలని ఫ్యాక్టరీలోనే సర్క్యూట్‌లో బిగించేశారు. ఇరవై నిమిషాలు చాలని ఒక ఇంజినీరు అనుకున్నాడు, అంతే. ఆ తర్వాత గడిచిన నలభై ఏళ్లలో ల్యాప్‌టాప్ బ్యాటరీ హెచ్చరిక ఎన్నో రూపాలు మార్చుకుంది. ఆ మార్పులన్నిటి వెనకా ఉన్న ప్రశ్న మాత్రం ఒక్కటే: గంట ఎప్పుడు మోగాలో ఎవరు చెప్పాలి, తయారుచేసినవాళ్లా, వాడుకునేవాళ్లా?

మొదట్లో ఈ ప్రశ్నే పుట్టలేదు. 1981లో వచ్చిన ఆస్‌బోర్న్ 1ను మోసుకెళ్లే కంప్యూటర్ అని అమ్మారు. కుట్టుమిషను పెట్టెలా ఉండి, 11 కిలోల బరువు తూగేది. దాని లోపల బ్యాటరీ ఉండేది కాదు. ఎక్కడికి తీసుకెళ్లినా గోడకు ప్లగ్గు వెతుక్కోవాల్సిందే. బిల్ మాగ్రిడ్జ్ రూపకల్పన చేసిన గ్రిడ్ కంపాస్ 1982లో వచ్చింది. మూత తెరిస్తే తెర లేచే ఆకారాన్ని ల్యాప్‌టాప్‌కు ఇచ్చింది అదే. అంతరిక్ష నౌకలోకి కూడా వెళ్లింది. అదీ కరెంటు మీదే నడిచింది. అదే కాలంలో ఎప్సన్ తెచ్చిన హెచ్ఎక్స్-20 మాత్రం రీఛార్జి చేసుకునే నికెల్ కాడ్మియం బ్యాటరీ మీద గంటల తరబడి పనిచేసేది. అసలు చిక్కు ఆ బ్యాటరీ గుణంలోనే ఉంది.

గ్యాస్ సిలిండర్ వాడే ప్రతి ఇంటికీ ఆ చిక్కు తెలుసు. సిలిండర్ కొత్తదైనా, రేపో మాపో అయిపోయేదైనా పొయ్యి మీద మంట ఒకేలా ఉంటుంది. పాలు పొంగే వేళకి మంట నీరసపడుతుంది, నిమిషాల్లో ఆరిపోతుంది. నికెల్ కాడ్మియం సెల్ కూడా అంతే. ఛార్జింగ్ దిగుతున్నంతసేపూ వోల్టేజి 1.2 దగ్గర దాదాపు నిలకడగా ఉండి, చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది. మామూలు ఆల్కలైన్ సెల్ వోల్టేజి మెట్లు దిగినట్టు మెల్లగా తగ్గుతుంది, అందుకే మోడల్ 100 ఎర్రదీపానికి ఇరవై నిమిషాల వ్యవధి దొరికింది. అదే యంత్రంలో రీఛార్జి సెల్స్ వేసుకున్నవాళ్లకు దీపం వెలిగాక అంత సమయం మిగిలేది కాదు. వోల్టేజి ఒక్కటే చూసి ఎంత మిగిలిందో చెప్పడం మంట చూసి గ్యాస్ ఎంత ఉందో చెప్పడం లాంటిదే.

1989లో ఆపిల్ తెచ్చిన మెకింటాష్ పోర్టబుల్ ఇంకో దారి పట్టింది. కార్లలో వాడే జాతికే చెందిన లెడ్ యాసిడ్ బ్యాటరీ పెట్టింది. బరువు ఏడు కిలోలు దాటింది, కొనేవాళ్లు తక్కువయ్యారు. రెండేళ్ల తర్వాత, 1991 అక్టోబరులో వచ్చిన పవర్‌బుక్‌లతో ఆపిల్ నిలదొక్కుకుంది. బ్యాటరీ హెచ్చరిక మాటలు నేర్చింది ఆ తరం యంత్రాల్లోనే. ఛార్జింగ్ తగ్గితే ముందు తెర వెలుగు తగ్గించి, ఇక మిగులు శక్తి మీద నడుస్తున్నానని ఒక పెట్టెలో చెప్పేది. కాసేపటికి, ఆ మిగులూ తరిగిపోతోందని మళ్లీ చెప్పేది. చివరిగా, మెమరీలో ఉన్నది పోకుండా పది సెకన్లలో నిద్రపోతున్నానని చెప్పి, శుభరాత్రి అని సెలవు తీసుకునేది. వాడుకరి కంగారును తగ్గించాలన్న ఆలోచన ఆ మూడు మెట్లలో కనిపిస్తుంది. ఏ మెట్టు ఎప్పుడు రావాలన్నది మాత్రం ఇక్కడా ఆపిల్ ఇంజినీర్లే నిర్ణయించారు.

తెలుగు ఊళ్లకు ఈ హెచ్చరిక మొదట ల్యాప్‌టాప్‌లోంచి రాలేదు, యూపీఎస్‌లోంచి వచ్చింది. 1990ల్లో, 2000ల్లో డీటీపీ సెంటర్లలో, ఇంటర్నెట్ సెంటర్లలో బల్ల కింద ఉండే ఆ నల్ల డబ్బా గుర్తులేనివాళ్లు తక్కువ. కరెంటు పోగానే కొన్ని సెకన్లకోసారి కుయ్ కుయ్‌మనేది. బ్యాటరీ అడుగంటితే ఆ కూత ఎడతెగకుండా సాగేది. ఆ రెండు కూతల మధ్య ఎంత సమయం ఉంటుందో ఆపరేటర్‌కు అనుభవం మీద తెలుసు. పెళ్లి శుభలేఖ కంపోజు చేస్తున్న చెయ్యి మొదటి కూతకే కంట్రోల్, ఎస్ మీదకు వెళ్లేది. రెండో కూత వచ్చేసరికి కంప్యూటర్ ఆపేసి ఉండేది. పాతబడిన బ్యాటరీ అయితే ఆ వ్యవధి అరనిమిషానికి పడిపోయేది, అదీ తెలుసు. యంత్రం ఇచ్చే హెచ్చరికను ఆపరేటర్ తన బ్యాటరీ వయసును బట్టి మనసులోనే సరిచేసుకునేవాడు.

ఆ సవరింపును యంత్రమే చేసేలా మార్చడానికి మూడు ప్రయత్నాలు వెంటవెంటనే జరిగాయి.

మొదటిది 1992 జనవరిలో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రకటించిన ఏపీఎం, అంటే అడ్వాన్స్‌డ్ పవర్ మేనేజ్‌మెంట్. అంతకుముందు బ్యాటరీ సంగతి ఒక్కో కంపెనీ యంత్రంలో ఒక్కోలా ఉండేది, ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఏమీ తెలిసేది కాదు. ఏపీఎం వచ్చాక బ్యాటరీలో ఇంత మిగిలిందన్న కబురు యంత్రంలోనే ఉండే బయోస్ అనే ప్రోగ్రాం నుంచి విండోస్‌కు అందడం మొదలైంది. పెత్తనం మాత్రం ఇంకా బయోస్‌దే.

రెండోది బ్యాటరీకే లెక్కలు నేర్పడం. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని బజారులోకి తెచ్చింది. తేలికైనదే, కానీ దాన్ని హద్దు దాటి ఛార్జి చేసినా, హద్దు దాటి దించినా ప్రమాదం. కాబట్టి ప్యాక్ లోపలే ఒక కాపలా చిప్ పెట్టక తప్పలేదు. కాపలా ఎలాగూ ఉందిగనక, దానికి పద్దులు రాసే పని కూడా అప్పగించారు. ప్యాక్‌లో ఒక అతిచిన్న రెసిస్టర్ మీదుగా కరెంటు పోతుంటే, లోపలికి ఎంత వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది అని చిప్ నిరంతరం కూడుతూ తీసేస్తూ ఉంటుంది. మంట చూసి గ్యాస్ అంచనా వేయడం మానేసి, సిలిండర్ బిగించిన తేదీ క్యాలెండర్ మీద రాసుకోవడం లాంటి మార్పు ఇది. రోజుకు ఎంత వాడతామో తెలిసిన ఇల్లాలికి ఇంకా ఎన్నాళ్లు వస్తుందో తెలుస్తుంది.

ఈ పద్ధతిని డ్యూరాసెల్, ఇంటెల్ కలిసి స్మార్ట్ బ్యాటరీ అనే ప్రమాణంగా రాశాయి. 1995 ఫిబ్రవరిలో వెలువడిన ఆ పత్రంలో రెండు అంకెలు ఇప్పటికీ గమనించదగినవి. బ్యాటరీ తనంతట తాను మోగించే గంటలు అందులో రెండు రకాలు. మిగిలిన శక్తిని బట్టి మోగేదానికి హద్దు, కొత్తలో ఉన్న సామర్థ్యంలో 10 శాతం. మిగిలిన సమయాన్ని బట్టి మోగేదానికి హద్దు 10 నిమిషాలు. రెండూ మార్చుకోదగిన విలువలే, ముందుగా వేసి ఉంచిన అంకెలు మాత్రం అవి. తర్వాతి రోజుల్లో కోట్లమంది ల్యాప్‌టాప్ తెరల మీద కనిపించిన పది శాతం ఇలా ముప్పై ఏళ్ల కిందటి పత్రంలోనే ఉంది.

మూడో ప్రయత్నం 1996 డిసెంబరులో వచ్చిన ఏసీపీఐ. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి రాసిన ఈ ప్రమాణంతో పెత్తనం బయోస్ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారింది. ప్రతి బ్యాటరీ నాలుగు ముఖ్యమైన సంగతులు చెప్పాలి: తయారైనప్పటి సామర్థ్యం, ఆఖరుసారి పూర్తిగా ఛార్జి అయినప్పటి సామర్థ్యం, తయారీదారు సూచించే హెచ్చరిక మట్టం, అంతకంటే దిగువ మట్టం. ఆ సూచనలతో ఏం చేయాలన్నది ఇక ఆపరేటింగ్ సిస్టమ్ ఇష్టం. అది తలుచుకుంటే ఆ నిర్ణయాన్ని వాడుకరి చేతిలో పెట్టవచ్చు.

కొన్నాళ్లు అలాగే పెట్టింది కూడా. 2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో కంట్రోల్ ప్యానెల్ తెరిచి, పవర్ ఆప్షన్స్ నొక్కితే అలారమ్స్ అనే పేజీ ఎదురుగా ఉండేది. అందులో పైన ఒకటి, కింద ఒకటి, రెండు జారుడు మీటలు. పైది లో బ్యాటరీ అలారం, 10 శాతం దగ్గర ఉండేది. కిందిది క్రిటికల్ అలారం, 3 శాతం దగ్గర. మౌసుతో పట్టుకుని కుడివైపు లాగితే 15, 20, 30, ఎంత కావాలంటే అంత. ప్రతి మీట కింద ఒక బటన్, అది నొక్కితే మరో పెట్టె తెరుచుకునేది. శబ్దం చేయాలా, మాట చూపించాలా, స్టాండ్‌బైలోకి పోవాలా, హైబర్నేట్ కావాలా, పూర్తిగా ఆగిపోవాలా అని అడిగేది. ఆ క్షణంలో ఫలానా ప్రోగ్రాం నడపమని కూడా చెప్పుకోవచ్చు. ఆ పేజీ వాడుకరికి చాలా స్వేచ్ఛ ఇచ్చింది. ఆ తర్వాత ఆ స్వేచ్ఛ అంత తేలిగ్గా కనిపించే చోట రాలేదు.

కింది మీటకు ఉన్న ప్రాముఖ్యం హైబర్నేట్ వల్ల వచ్చింది. మెమరీలో ఉన్నదంతా హార్డ్ డిస్కు మీదికి రాసి, యంత్రం పూర్తిగా ఆగిపోతుంది. మళ్లీ కరెంటు ఇచ్చి ఆన్ చేస్తే వదిలిన చోటి నుంచే మొదలవుతుంది. 256 మెగాబైట్ల మెమరీ రాయడానికి కొద్ది సెకన్లు చాలు. నాలుగు గిగాబైట్ల మెమరీని సెకనుకు 60 మెగాబైట్లు రాసే డిస్కు మీదికి కుదించకుండా పంపితే నిమిషానికి పైనే పడుతుంది. ఆ నిమిషం పాటు డిస్కు తిరగడానికి శక్తి మిగిలి ఉండాలి. మధ్యలో బ్యాటరీ చేతులెత్తేస్తే రాసిందీ పోతుంది, రాయనిదీ పోతుంది. 2007లో వచ్చిన విండోస్ విస్టా నుంచి క్రిటికల్ హద్దు 3 నుంచి 5 శాతానికి పెరగడం ఈ లెక్కకు తగ్గట్టే ఉంది.

అదే విస్టాలో అలారమ్స్ పేజీ మాయమైంది. ఆ సెట్టింగులు పవర్ ప్లాన్ లోపల, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ లోపల, పొడవైన జాబితా అట్టడుగున బ్యాటరీ అనే మాట పక్కన చిన్న కూడిక గుర్తు వెనక్కి వెళ్లాయి. 2009లో విండోస్ 7 వాటికి ఇంకో మెట్టు చేర్చింది, రిజర్వ్ బ్యాటరీ. పది దగ్గర మొదటి మాట, ఏడు దగ్గర పని దాచుకోమని రెండో మాట, ఐదు దగ్గర చర్య. పవర్‌బుక్ నాటి మూడు మెట్లు వేరే రూపంలో మళ్లీ వచ్చాయి.

విండోస్ 7 ఇంకో హెచ్చరిక కూడా తెచ్చి పెద్ద దుమారం లేపింది. బ్యాటరీ మార్చుకోవడం మంచిదని తెరమీద చెప్పసాగింది. కొత్త విండోస్ వేసుకున్నాకే బ్యాటరీ పాడైందని 2010 మొదట్లో చాలామంది మండిపడ్డారు. ఆ ఫిబ్రవరిలో విండోస్ విభాగం అధిపతి స్టీవెన్ సినోఫ్‌స్కీ వివరణ ఇచ్చారు. బ్యాటరీ చెప్పే రెండు అంకెలను, అంటే తయారైనప్పటి సామర్థ్యాన్నీ ఇప్పటి సామర్థ్యాన్నీ పోల్చి, ఇప్పటిది 40 శాతానికి పడిపోతే ఆ మాట చూపిస్తున్నామని చెప్పారు. ఆ బ్యాటరీలు అంతకుముందే అలిసిపోయాయి. పాత విండోస్ ఆ సంగతి చెప్పలేదు, కొత్తది చెప్పింది.

ఆ గొడవలో బయటపడ్డ నిజం ఒకటుంది. తెర మూలన కనిపించే శాతం ఇప్పటి నిండు సామర్థ్యంలో శాతమే, కొత్తప్పటి సామర్థ్యంలో కాదు. దీని ఫలితం లెక్కేసి చూస్తే తెలుస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ బ్యాటరీలో 50 వాట్ అవర్లు పడతాయనుకుంటే, 10 శాతం అంటే 5 వాట్ అవర్లు. యంత్రం గంటకు 10 వాట్ అవర్లు వాడుకుంటుంటే హెచ్చరిక వచ్చాక చేతిలో అరగంట ఉంటుంది. నాలుగేళ్లు వాడాక అదే బ్యాటరీలో 20 వాట్ అవర్లే పడుతున్నాయనుకుందాం. ఇప్పుడు 10 శాతమంటే 2 వాట్ అవర్లు, అంటే 12 నిమిషాలు. సెట్టింగ్ మారలేదు, తెరమీద అంకె మారలేదు, వ్యవధి మాత్రం సగానికంటే తక్కువైంది. 1995 పత్రం తన హద్దును కొత్తప్పటి సామర్థ్యంతో కొలిచింది కాబట్టి, ఆ లెక్కన గంట ఇప్పటికీ 5 వాట్ అవర్ల దగ్గరే, అంటే 25 శాతం దగ్గరే మోగాలి.

ముసలి బ్యాటరీకి ఇంకో జబ్బు కూడా ఉంటుంది. లోపలి నిరోధం పెరిగిపోతుంది. తేలికైన పని చేస్తున్నంతసేపూ బాగానే ఉండి, పెద్ద వీడియో ఫైలు తెరిచేసరికి వోల్టేజి కుంగుతుంది. తెర మీద 15 శాతం ఉండగానే యంత్రం నల్లబడుతుంది. పద్దు రాసే చిప్ దగ్గర లెక్క తప్పలేదు, కానీ ఆ మిగులును అంత వేగంగా బయటికి తీయగల బలం సెల్‌కు లేదు. ఇలాంటి యంత్రానికి 10 శాతం దగ్గర మోగే గంట వల్ల ఉపయోగం లేదు. ఆ గంట మోగేలోపే కథ ముగుస్తుంది.

లినక్స్ లోకంలో ఈ ప్రశ్న ఇంకోలా నడిచింది. అక్కడ బ్యాటరీ సంగతి చూసే యూపవర్ అనే ప్రోగ్రాం తన హద్దులన్నిటినీ ఒక మామూలు టెక్స్ట్ ఫైల్‌లో రాసి పెట్టింది. అందులో శాతం లెక్కన హద్దులూ ఉన్నాయి, సమయం లెక్కన హద్దులూ ఉన్నాయి: 1,200 సెకన్లు, 300 సెకన్లు, 120 సెకన్లు. మిగిలిన సమయం అంచనా నిమిషానికోసారి ఊగిసలాడుతుంది కాబట్టి, వాడుకకు శాతాన్నే ముందుంచారు. ఆ ఫైల్ తెరిచి అంకె దిద్దుకోవచ్చని తెలిసినవాళ్లకు ఏ అడ్డూ లేదు. లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఒకటైన కేడీఈ తన హద్దులను సెట్టింగ్స్ కిటికీలోనే చూపిస్తుంది. మరో డెస్క్‌టాప్ గ్నోమ్ చూపించదు, వాడుకరిని ఎక్కువ ప్రశ్నలు అడగకూడదన్నది వాళ్ల విధానం. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ లాంటి సంస్థల స్వచ్ఛంద కార్యకర్తలు ఈ డెస్క్‌టాప్‌లను తెలుగులోకి తెచ్చారు. లో బ్యాటరీ అన్న మాటను తెలుగులో పెట్టడానికి కూర్చున్నవాళ్లకు ఇళ్లలో జనం వాడే మాట వేరే ఉందని తెలిసే ఉంటుంది. తెలుగువాళ్ల నోట ఛార్జింగ్ ఎక్కుతుంది, దిగుతుంది. దిగిపోతోంది అన్న క్రియలోనే తొందరపడమన్న సూచన ఉంది.

మ్యాక్‌లో ఈ హద్దు మార్చుకునే వీలు ఆపిల్ ఇవ్వలేదు. అక్కరున్నవాళ్లు బయటి ప్రోగ్రాములు కొనుక్కుంటారు. విండోస్ 10 నుంచి బ్యాటరీ సేవర్ అనే కొత్త గీత 20 శాతం దగ్గర వచ్చింది. అది తెర వెలుగు తగ్గిస్తుంది, వెనక నడిచే పనులను అదుపు చేస్తుంది. దాన్ని మార్చుకోవడం కొత్త సెట్టింగ్స్ కిటికీలో తేలికే. అసలు హెచ్చరిక హద్దులు మాత్రం ఇంకా పాత కంట్రోల్ ప్యానెల్‌లోనే ఉన్నాయి. అక్కడున్నాయని తెలియనివాళ్లకు లేనట్టే లెక్క.

ఇది చిన్న సంగతి అనిపించవచ్చు. కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకు చిన్నదే. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ మీద చదువుకునే డిగ్రీ విద్యార్థికి, నలుగురికి ఒకే ప్లగ్గు ఉన్న హాస్టల్ గదిలో ప్రాజెక్టు రాసుకునే అమ్మాయికి, అన్న వాడి వదిలేసిన యంత్రం మీద పోటీ పరీక్షల దరఖాస్తు నింపే తమ్ముడికి ఆ హద్దు ఎక్కడుందన్నది పెద్ద సంగతే. హద్దులు వేసినవాళ్లు కొత్త బ్యాటరీని చూసి వేశారు. వాడేవాళ్ల చేతిలో ఉన్నది పాతది. ఫలానా బ్యాటరీ ఎంత ముసలిదో వాడేవాళ్లకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు, కాబట్టి ఆ మీట వాళ్లకు కనిపించే చోట ఉండాలి.

మీట దూరంగా ఉన్నా అందుతుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అనే కమాండ్‌తో బ్యాటరీ రిపోర్ట్ అడిగితే ఒక పేజీ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఒకదాని కింద ఒకటి మిల్లీవాట్ అవర్లలో ఉంటాయి. మొదటిది 50,000, రెండోది 20,000 అయితే పైన చేసిన లెక్కే వర్తిస్తుంది. అప్పుడు పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి, బ్యాటరీ పక్కన కూడిక గుర్తు నొక్కి, లో బ్యాటరీ లెవెల్‌ను 25కు, రిజర్వ్‌ను 18కి, క్రిటికల్‌ను 12కు పెంచుకోవచ్చు. లో బ్యాటరీ నోటిఫికేషన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. క్రిటికల్ యాక్షన్ దగ్గర హైబర్నేట్ ఎంచుకోవాలి. ఆ తర్వాత ఒక సాయంత్రం ఛార్జర్ తీసేసి, తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసుకుని, గడియారం చూస్తూ యంత్రాన్ని దానంతట అది దిగనివ్వాలి. 25 దగ్గర గంట మోగినప్పుడు టైము ఎంతో, 12 దగ్గర తెర ఆరినప్పుడు టైము ఎంతో కాగితం మీద రాసుకుంటే, ఆ రెంటి మధ్య ఉన్నదే ఆ ల్యాప్‌టాప్ తన యజమానికి ఇవ్వగల అసలు వ్యవధి. అది పావుగంట కంటే తక్కువ వస్తే 25ను 35 చేసి, మర్నాడు ఇంకోసారి చూసుకోవచ్చు.